కాల్చని రాయి

ఖంభాతులో ఏ అకీకు రాయినీ ఒక్క మనిషి మొదలుపెట్టి పూర్తి చెయ్యడు. ఎండబెట్టి కాల్చేవాడు ఒకడు, ఇనప మేకు మీద ఆనించి గేదెకొమ్ము సుత్తితో చెక్కేవాడు ఇంకొకడు, సానపట్టేవాడు మరొకడు, బెజ్జం వేసేవాడు వేరొకడు. చివర దారానికి గుచ్చేది ఆడవాళ్ళు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగి రాయి కాస్తా హారమై శేఠు కొట్లో వేలాడేసరికి, ఇది నేను చేశాను అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాడు ఊళ్ళో ఒక్కడుండడు. తాతముత్తాతల నాటి పద్ధతి. ఇందులో ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. జుట్టంతా నెరిసేదాకా సమజూబెన్‌కీ కనపడలేదు.

సమజూ గుచ్చే మనిషి. అన్నగారింట్లో వెనక గది ఆమెది. ఆ గదికి పక్క సందులోకి ఒక కిటికీ, కిటికీ బయట జానెడు గట్టు. పొద్దున్న ఇంటిపని ముగించి, ఒళ్ళో చేట పెట్టుకుని ఆ కిటికీ దగ్గర కూర్చుంటుంది. చేటలో ఎర్ర పూసలుంటాయి. అవి దారమెక్కుతాయి, వెళ్ళిపోతాయి, మర్నాడు మళ్ళీ చేట నిండుతుంది. సందులో పిల్లా పెద్దా అందరికీ ఆమె ఫోయి, అంటే మేనత్త. అంతమందికి మేనత్త అయిన మనిషికి తనవాళ్ళంటూ ఎవరూ లేకపోవడం వింతే గాని, ఆ వింత ఎవరికీ పట్టలేదు.

పెళ్ళి కాక కాదు. పెళ్ళయిన తొలి వానాకాలంలోనే మొగుడు భావనగర్ వైపు పనికని వెళ్ళి, అక్కడ ఇంకొకతెతో కాపురం పెట్టాడు. అత్తవారు కొన్ని నెలలు చూసి, కోడల్ని బండెక్కించి పుట్టింటికి పంపేశారు. అప్పటికి అన్న రావజీకి ముగ్గురు పసిపిల్లలు, వదిన మంగూకి నడుం నొప్పి. సమజూ వచ్చి ఆ ఇంటి పని నెత్తినేసుకుంది. పిల్లలు పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి, సాన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని రావజీ కాలం చేశాడు. మంగూ నడుం నొప్పి మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇల్లంతా మనుషులే. సమజూతో మాట్లాడనివాళ్ళు కూడా లేరు. "ఫోయీ, పాలు పొంగుతున్నాయి." "ఫోయీ, పిల్లాణ్ణి పట్టుకో." "ఫోయీ, తలుపెయ్యి." అన్నీ జవాబు అక్కర్లేని మాటలే. పొద్దున్నే లేచి, ఇవాళ కిచిడీ చెయ్యనా, సజ్జరొట్టె చెయ్యనా అని ఆమె అందర్నీ అడుగుతుంది. నీకేం కావాలని ఆమెను అడిగినవాళ్ళు లేరు. మొదట్లో దానికి బాధపడేది. తరవాత అలవాటైంది. అలవాటైన బాధ పోయినట్టు కాదు, దాన్ని ఎక్కడ పెట్టామో మరిచిపోయినట్టు, అంతే.

"మా ఆడపడుచుకి దేవుడు నోరు పెట్టాడు గాని తాళం చెవి ఇవ్వలేదు," అనేది మంగూ, వచ్చినవాళ్ళతో. "ఎప్పుడు చూడండి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది."

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. సమజూ విషయంలో ఆ సగం అంగీకారం ఎప్పుడూ అవతలివాళ్ళకి అనుకూలమైన వైపే పడుతూ వచ్చింది. అలా పడ్డవాటిలో అన్నిటికంటే పెద్దది పూంజా సంగతి.

సందుకి అవతలి పక్క పెరట్లో రాళ్ళు కాల్చే బట్టీ పూంజాది. అతని భార్య పిల్లలు కలగకుండానే పోయింది. సమజూ పుట్టింటికి వచ్చిన కొన్నేళ్ళకి, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పూంజా రావజీ గుమ్మమెక్కాడు. వాళ్ళ కులంలో మారుమనువు తప్పేమీ కాదు. రావజీ మంచం వాల్చి కూర్చోబెట్టాడు, టీ ఇప్పించాడు. ఆ టీ కాచింది సమజూనే. టీ అందించి లోపలికొచ్చి, తడిక వెనక సజ్జపిండి కలుపుతూ అంతా విన్నది.

"మీరు ఇంత దూరం ఆలోచించడం మా మంచికే. కాని మా సమజూకి ఇష్టం లేదు. దాని మనసు విరిగిపోయింది," అన్నాడు రావజీ.

సమజూ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. తనకి ఇష్టం లేదన్న సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. ఎవరైనా ఒక్కసారి తడిక ఇవతలికి తొంగిచూసి, ఏమంటావమ్మా అని అడుగుతారేమోనని చూసింది. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. ఈలోగా చంటివాడు ఏడిస్తే, పిండి చేతులు కడుక్కుని వాణ్ణి ఎత్తుకుంది.

పూంజా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొగవాసన వేస్తూ ఆ కిటికీ ముందునించే నడుస్తాడు. తల తిప్పి మాత్రం చూడడు. సందులో ఆడవాళ్ళంతా అతన్ని 'పూంజాభాయీ' అని నోరారా పిలుస్తారు. సమజూ పిలవదు. భాయి అంటే అన్న. ఆ మాట అనడానికి ఆమెకి నోరు రాదు, ఇంకోలా పిలిచే యోగం లేదు. అందుకని అసలు పిలవడమే మానేసింది. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు గాని, ఒక్క మాట లేదు.

ఇక రాయి సంగతి. వానలు వెనకబట్టాక ఒకరోజు రతన్‌పూర్ నించి రాళ్ళ లారీ వచ్చి పూంజా పెరటి ముందు ఆగింది. దింపుతుంటే ఒక చిన్న ముక్క గంతేసి, సమజూ కిటికీ కింద కాలవలో పడింది. కాలవలో పడ్డ రాయి ఎవరిదీ కాదన్నది ఆ సందు రివాజు. సమజూ దాన్ని తీసి కడిగింది. వక్కంత ముక్క. పాత ఆవునెయ్యి రంగు, ఒక పక్క గోరంత చోట లోపలి వెలుతురు కనపడుతోంది. ఆ వెలుతురులో సన్నటి తెల్లగీత.

ఆమె వేళ్ళ మధ్యనించి వెళ్ళిన రాళ్ళకి లెక్కలేదు. అన్నీ ఎర్రవే. రతన్‌పూర్‌లో పుట్టినప్పుడు అవీ ఇలా పసుపుగానే ఉండేవి. ఖంభాతు వచ్చాక అందరూ కలిసి వాటిని కాల్చి ఎర్రగా మారుస్తారు. ఎర్రరాయే రాయి ఇక్కడ. పసుపుగా ఉన్నది ఇంకా పచ్చిది, పని మిగిలి ఉన్నది. సానపట్టిన పసుపురాయి ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో సమజూ ఒక్కసారీ చూడలేదు. ఈ ఒక్కదాన్ని పుట్టిన రంగులోనే ఉంచితే ఏం పోతుంది అనిపించింది. కాల్పించను, బెజ్జం వేయించను, దారమెక్కించను, ఎవరికీ ఇవ్వను, మొదటినించి చివరిదాకా నేనే చేస్తాను అనుకుంది. అలాంటి కోరిక ఆమెకి ఎన్నేళ్ళకో కలిగింది. కలిగినందుకు సిగ్గుపడి, రాయిని కొంగున కట్టేసుకుంది.

పనిముట్లు ఏమున్నాయి గనక? రావజీ సానచక్రం విరిగినప్పటి ముక్క ఒకటి, తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉంది. దాన్ని కడిగి గదిలోకి తెచ్చుకుంది. గాజుల దుకాణంలో లక్క ముక్క అడిగి తెచ్చుకుంది. దీపం మీద లక్క కరిగించి, వెదురుపుల్ల చివర రాయిని అంటించింది. రాయి అంత చిన్నదైనప్పుడు పుల్లే పిడి. ఇక ఉప్పుకాగితం, మెరుగుపొడి మిగిలాయి. వాటికోసం సందు చివర సానపట్టే హసూ దగ్గరికి వెళ్ళింది. హసూ ఆమె ఒళ్ళో పెరిగినవాడు, ఇప్పుడు పొట్ట పెంచి చక్రం ముందు కూర్చుంటాడు.

"ఏం ఫోయీ, సానపని నేర్చుకుని నా పొట్ట కొడదామనా?"

"నీ పొట్ట కొట్టాలంటే నా వల్ల ఎక్కడవుతుందిరా, గునపం కావాలి," అంది సమజూ.

హసూ పకపకా నవ్వి, అరిగిన ఉప్పుకాగితం ముక్కలు, గరుకువీ నున్నవీ, విడివిడిగా చుట్టి ఇచ్చాడు. చిటికెడు మెరుగుపొడి పొట్లం కట్టాడు. "చేతులు కడుక్కోకుండా దీంట్లోంచి దానికి పోకు. ఒక్క గరుకు రేణువు చాలు, నెల్రోజుల పని గీతలపాలు," అన్నాడు. తరవాత పుల్ల చివర రాయిని చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటి, కాల్పించకుండానే మొదలెట్టావు? పచ్చిరాయి సానపడితే శేఠు నవ్వుతాడు."

"శేఠుకి కాదులే."

మరి ఎవరికి అని హసూ అడగలేదు. సమజూ చెప్పలేదు. చెబితే నవ్వుతాడని భయం. ఆ ఒక్క మాట ఆ రోజున చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

చలికాలమంతా అదే పని. పూసల చేట ఖాళీ అయిన తరవాత, కిటికీ దగ్గర పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని, చక్రం ముక్క మీద రాయిని రుద్దేది. తడి లేకుండా ఎప్పుడూ రుద్దలేదు. అన్న ప్రాణం తీసిన దుమ్మును ఆమె మరిచిపోలేదు. మూలలు అరగడానికే ఎన్నో వారాలు పట్టింది. ఒక పక్క ఎక్కువ అరిగితే, రెండో పక్క దానికి సమానం చెయ్యాలి. అది చేసేసరికి మొదటిది మళ్ళీ ఎత్తుగా కనిపిస్తుంది. రాయి తనకి నచ్చిన రూపానికే వస్తుంది గాని మనకి నచ్చిన రూపానికి అంత తొందరగా రాదు. చివరికి చింతగింజ రూపానికి ఒప్పుకుంది. తెల్లగీత సరిగ్గా మధ్యకి రాలేదు, కాస్త పక్కకి ఉండిపోయింది. అలాగే ఉండనీ అనుకుంది సమజూ.

"ఏంటే ఆ గరగర, ఎలకలు కొరుకుతున్నట్టు?" అని అరిచేది మంగూ మంచం మీదనించి.

"ఏం లేదు వదినా."

"ఏం లేనిదానికి అంత చప్పుడా?"

గరుకు కాగితం అయ్యాక నున్న కాగితం పట్టింది. అప్పుడు బయటపడ్డది, చక్రం ముక్క దగ్గరే పోవలసిన గీత ఒకటి, తలవెంట్రుకలాగా. గరుకు పనిలో కనపడనిది నునుపు వచ్చాక కనపడుతుంది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆమెకి విసుగు రాలేదు. పైగా లోలోపల సంతోషమే. పని ఇంకొన్నాళ్ళు సాగుతుంది కదా. సాయంత్రాలు అలా గడవడం ఆమెకి ఎప్పుడూ తెలియదు. తడి రాయిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, లోపల పసుపు కదులుతున్నట్టుండేది. ఇది నాది అనుకునేది. ఎవరూ వినకుండా పైకి కూడా అనేది, ఒక్కోసారి.

హోళీ దగ్గరపడింది. రాయి నునుపు తేలింది. ఇక మిగిలింది మెరుగుపొడి పనే. పాత చెప్పు తోలు ముక్క మీద పొడి వేసి రుద్దితే, ముఖం చూసుకునేంత మెరుపు వస్తుందన్నాడు హసూ. అంత రుద్దుడుకి పాత లక్క పట్టు చాలదు, వదులైంది. మళ్ళీ అంటించాలంటే రాయి పొడిగా, వెచ్చగా ఉండాలి. అందుకని మధ్యాహ్నం రాయిని పుల్లనించి విడదీసి, కడిగి, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. ఇంతలో మంగూ మనవరాలికి పళ్ళు వస్తున్నాయని విరేచనాలు. కోడలు కంగారుపడి ఫోయీ ఫోయీ అని పిలిచింది. సమజూ వెళ్ళింది. పిల్లని భుజాన వేసుకుని తిప్పి, వాము నీళ్ళు కాచి, గుడ్డలు ఉతికి, అందరికీ కిచిడీ వండి, గదిలోకి వచ్చేసరికి దీపాల వేళ అయింది. గట్టు మీద రాయి లేదు.

ఆ సందులో రాళ్ళు ఎండని చోటు లేదు. పూంజా పెరడు చాలక, డాబాల మీదా మెట్ల మీదా కిటికీ గట్ల మీదా అతని రాళ్ళు నెలల తరబడి ఎండుతాయి. ఎవరింటి గట్టు మీదైనా పసుపురాయి ఎండలో ఉందంటే, అది కాల్పుకి వెళ్ళవలసిన రాయి అని అర్థం. పూంజా గంపతో వచ్చి ఏరుకుపోతాడు. ఇది ఒకరికొకరు చెప్పుకునే సంగతి కాదు, నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు. సమజూకీ తెలుసు. కాని ఆమె మనసులో అది కాల్చవలసిన రాళ్ళ లెక్కలోంచి ఎప్పుడో బయటికి వచ్చేసింది. వచ్చేసిందని మిగతా సందుకి ఎవరు చెప్పారు?

కాలవలో చెయ్యిపెట్టి వెతికింది. సందంతా వంగి వంగి వెతికింది. "ఏం పోయింది ఫోయీ?" అంటే "సూది" అంది. తల ఎత్తి చూసేసరికి, ఎదటి పెరట్లో పిడకలు అంటుకుని పొగ లేస్తోంది. అప్పుడు అర్థమైంది. రాళ్ళు నింపి పిడకల్లో కాలుస్తున్న కుండని మధ్యలో విప్పితే గాలి తగిలి లోపలి రాళ్ళన్నీ పగిలిపోతాయి. కొన్ని ఇళ్ళవాళ్ళ కష్టం మట్టిపాలవుతుంది. సమజూ కిటికీ దగ్గర నిలబడి ఆ పొగని చూస్తూ ఉండిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ముట్టలేదని ఇంట్లో ఎవరూ గమనించలేదు.

మర్నాడు ఎండ వాలుతుండగా, అందరూ నడుం వాల్చిన వేళ, కిటికీ దగ్గర పొగవాసన వచ్చింది. తలెత్తితే పూంజా. ఇన్నేళ్ళలో ఆమె ఉండగా అతను ఆ కిటికీ ముందు ఆగడం అదే మొదలు. పిడికిలి ముందుకి చాచి, నెమ్మదిగా విప్పాడు.

"ఎండలో మరిచిపోయావు," అన్నాడు. మాట్లాడటం అలవాటు లేనివాడిలా గొంతు సవరించుకున్నాడు. "నీదని తెలుసు. చలికాలం మొదలైన దగ్గర్నించి రుద్దుతున్నావుగా. మిగతావాటితో కలపలేదు. చిన్న ముంతలో వేరే పెట్టి, చుట్టూ మెత్తటి బూడిద పోసి, నట్టనడుమ ఉంచాను. ఎక్కడా బీట లేదు. చూసుకో."

అరచేతిలో రాయి ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు, దానిమ్మగింజ ఎరుపు. తెల్లగీత తెల్లగానే ఉండిపోయి, ఆ ఎరుపులో ఇంకా స్పష్టంగా కనపడుతోంది. ఇంత మంచి కాల్పు తన చేతుల మీదుగా ఎన్నాళ్ళకో పడిందన్న సంబరం పూంజా ముఖంలో దాగడం లేదు. అతను తనని చూస్తూనే ఉన్నాడని, చలికాలం మొదలైన దగ్గర్నించీ చూస్తూనే ఉన్నాడని సమజూకి తెలిసింది. ఆ తెలిసిన సంతోషమూ, రాయి పోయిన దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. బాగుంది అనాలి. ఆ మాట జీవితమంతా అన్నదే, నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకిది పసుపుగానే కావాలి," అంది.

"ఏంటి?"

"పసుపుగానే. ఎలా పుట్టిందో అలాగే."

"కాల్చకుండానా?"

"ఊఁ."

"కాల్చని రాయిని ఏం చేసుకుంటావు?"

"ఏమీ చేసుకోను. చూసుకుంటాను."

పూంజా అరచేతిలోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు. అతని సంబరం మెల్లగా దిగిపోయి, దాని చోట రోషం వచ్చింది. మంచి చెయ్యబోయి చెడ్డ చేసిన మనిషికి వచ్చే రోషం అది, తన మీద తనకి రావలసింది ఎదటివాళ్ళ మీదికి మళ్ళుతుంది.

"మా తాత నాటినించీ కాలుస్తున్నాం. పసుపుగా ఉంచమన్నవాళ్ళు ఒక్కరు లేరు. నాకేం కలొచ్చిందా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? ఎప్పుడు చెప్పావు గనక నువ్వు! అప్పుడూ ఉలకలేదు, పలకలేదు."

అప్పుడూ అన్న మాట అన్నాక, అనకూడనిది అన్నట్టు ఆగిపోయాడు.

"నన్నడిగావా?" అంది సమజూ. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "అప్పుడు మా అన్ననడిగావు. ఇప్పుడు ఎవర్నీ అడగలేదు. నన్నెప్పుడడిగావు?"

"నీకిష్టం లేదని మీ అన్నే చెప్పాడు."

"నేనూ అప్పుడే విన్నాను," అంది.

  పూంజా రాయిని గట్టు మీద పెట్టి, వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కాలు తడబడి కాలవ అంచు తగిలింది.

లోపల మంగూ మేలుకునే ఉంది. అన్నీ విన్నది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అంది గోడవైపు తిరిగి. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు ఎప్పుడైనా నోరు తెరిచి అడిగావటే?"

"లేదు వదినా," అంది సమజూ. "నాకేం కావాలో మీరంతా అనుకుని, ముందే పెట్టేశారు."

ఆ రోజు మంగూ నడుం నొప్పి అని కూడా అనలేదు.

ఆ మర్నాటినించి పూంజా ఆ సందులో నడవడం మానేశాడు. వెనక వీధిగుండా చుట్టూ తిరిగి పెరట్లోకి పోతున్నాడు. పొద్దునొక్కసారి, సాయంత్రమొక్కసారి వినపడే అడుగుల చప్పుడు పోయింది. అది ఉన్నన్నాళ్ళూ దానికోసం తను చెవి ఒగ్గి ఉండేదని, అది పోయాక తెలిసింది సమజూకి. జన్మలో నోరు విప్పిన ఒకేఒక్క రోజు. ఆ రోజు విప్పకుండా, బాగుంది అని ఉంటే, ఆ ఎర్రరాయిని పట్టుకుని అతనింకో రెండు మాటలు మాట్లాడేవాడు కదా. ఇలా అనుకుని ఏడ్చింది. పసుపు రాయి పోయినందుకు కాదు, నిజం చెప్పినందుకు ఏడ్చింది. ఎంత ఒంటరి మనిషి అయితే నిజం చెప్పినందుకు ఏడుస్తుంది!

చేతులు ఊరుకోవు గనక, ఆ ఎర్రరాయినే తోలు మీద మెరుగుపొడితో రుద్ది పూర్తి చేసింది. హసూ చెప్పినట్టే మెరుపు వచ్చింది. కాని పూసల చేటలో వేస్తే వందల్లో ఒకటి. ఒక్క తేడా, దానికి బెజ్జం లేదు. అందుకని పూసలన్నీ దారమెక్కి వెళ్ళిపోయిన ప్రతిసారీ, చేట అడుగున అదొక్కటే మిగిలేది.

హోళీ వెళ్ళింది. ఎండలు ముదిరాయి. రతన్‌పూర్ లారీ మళ్ళీ వచ్చి దింపిపోయింది. ఆ సాయంత్రం సమజూ చేట దులుపుకుంటుంటే పొగవాసన వచ్చింది. పూంజా కిటికీకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. చేతిలో వక్కంత పసుపురాయి. ఇంకా మట్టి అంటుకునే ఉంది.

"సమజూ," అన్నాడు. ఆమె పేరు అతని నోట ఆమె వినడం అదే మొదలు. "దీన్నేం చెయ్యమంటావు?"

హసూ చక్రం ఆగింది. పక్కింటి డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడ చేతులు ఆగాయి. లోపల మంగూ మంచం కిర్రుమంది. సందంతా ఆమె జవాబు కోసం చెవులు రిక్కించింది.

 తడిక వెనక పిండి చేతులతో సిద్ధం చేసుకున్న జవాబు వేరే ప్రశ్నది, అది ఎన్నడో పాతబడిపోయింది. ఈ ప్రశ్నకి జవాబు తెలుసు, కాని అడిగించుకోవడం అలవాటు లేని మనిషికి అడిగిన వెంటనే చెప్పడం ఎలా చేతనవుతుంది?

"ఆలోచించుకుని... చెప్తాను," అంది.

"చెప్పు. తొందరేం లేదు." పూంజా రాయిని జేబులో వేసుకున్నాడు. "అందాకా నీడలో ఉంచుతాను."

పూంజా మళ్ళీ ఈ సందులోనే నడుస్తున్నాడు. పొద్దున ఆగడు, పని తొందర. సాయంత్రం మాత్రం కిటికీ ముందు ఆగి, "అనుకున్నావా?" అంటాడు. "ఇంకా లేదు," అంటుంది సమజూ. అతను తలూపి వెళ్ళిపోతాడు. అంతకుమించి ఒక్క మాట ఉండదు. హసూ నవ్వుతాడు. "ఒక్క రాయికి ఇన్నాళ్ళ ఆలోచనా ఫోయీ? ఢిల్లీ వాళ్ళు బడ్జెట్టు ఇంతకంటే తొందరగా తేలుస్తారు." మంగూ కూడా గోడవైపు తిరిగి నవ్వుకుంటుంది.

జవాబు సమజూకి మొదటి రోజే తెలుసు. చెప్పేస్తే పూంజా రాయి ఇచ్చేసి పోతాడు. మర్నాడు సాయంత్రం కిటికీ ముందు ఆగడానికి అతనికి ఏ పనీ ఉండదు, ఇంట్లోవాళ్ళు మళ్ళీ జవాబు అక్కర్లేని మాటలే మాట్లాడతారు. అందుకని రోజంతా ఎర్రపూసలు గుచ్చుకుంటూ, పొగవాసన ఎప్పుడొస్తుందా అని చూస్తుంది. వచ్చాక, ఇంకా లేదు అని చెబుతుంది.